చుక్క కారని పూలతొట్లు

బాడిసని సంచి అడుగున పెట్టేను. దాని పదునుకి లుంగీలు తెగుతాయని పాత తువ్వాలు రెండు మడతలు చుట్టి మరీ పెట్టేను. పక్కన ఉలులు, సుత్తి, చెక్కకి కన్నాలు పెట్టే బరమా. వాటి మీద బట్టలు. బట్టల మీద మాగాయ సీసా. సీసా మూతకి గుడ్డ కట్టి, గుడ్డ మీద దారం బిగించి, ఒకసారి తలకిందులుగా పట్టుకుని చూసేను.

"కారదక్కా. ఎన్నిసార్లు చూస్తావు?" అన్నాడు మా తమ్ముడు చిన్నబ్బాయి, గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

"కారితే నూనె మరకలు నువ్వు ఉతుకుతావా?"

"నేనేమన్నా మస్కట్ వెళ్తున్నానా? ముక్తేశ్వరం. రాజోల్లో ఓ బస్సు, అమలాపురంలో ఓ బస్సు. మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాను."

"ముక్తేశ్వరమైనా గుమ్మం దాటడమే కదరా."

"అలాగైతే నువ్వు పాలకి వెళ్ళినప్పుడల్లా నేను ఏడవాలి," అని నవ్వుతూ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

వాడికి అరవై దగ్గర పడింది. నాకు డెబ్భై దాటింది. మా అమ్మ పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు. నా చంక దిగకుండా పెరిగేడు. తర్వాత ఎవరి కాపురాలు వాళ్ళవి అయ్యేయి. మా ఆయన గాలివాన రోజున వేటకెళ్ళి సముద్రంలోనే ఉండిపోయేరు. వాడి భార్య జబ్బు చేసి కాకినాడ ఆసుపత్రికని బయల్దేరి, అక్కణ్ణించి ఇంటికి రాలేదు. అప్పట్నించీ సఖినేటిపల్లి రేవు పక్కన మా నాన్న కట్టిన ఇంట్లో ఇద్దరం కలిసి ఉంటున్నాం. మా వీధిలోంచి ఎవరు సంచి పట్టుకుని రేవు వైపు నడిచినా, వాళ్ళు కనుమరుగయ్యేదాకా నేను గుమ్మంలోంచి కదలను. అది నా జబ్బు. వాడికి తెలుసు, అందుకే ఎగతాళి చేస్తాడు.

మాది పడవలు కట్టే ఇల్లు. మా తాత కట్టేడు, నాన్న కట్టేడు, చిన్నబ్బాయి కట్టేడు. ఇప్పుడు చెక్క పడవ ఎవరిక్కావాలి? అందరూ ఫైబరు పడవలు కొనుక్కుంటున్నారు. వాటికి మేస్త్రీ అక్కర్లేదు, జిగురు పట్టీ చాలు. ఏడాదిగా చిన్నబ్బాయి చేతిలో పని లేదు. నిజాంపట్నం హార్బరు దగ్గర సముద్రం బోట్లు కట్టే యార్డు వాళ్ళు రమ్మని ఫోన్లు చేస్తున్నారు. వెళ్తానని వాడు, వద్దని నేను. ఆ వయసులో ఒంటరిగా, ఎవరు వండిపెడతారు, ఒళ్ళు వేడెక్కితే నుదుటి మీద చెయ్యి ఎవరు వేస్తారు?

అలాంటప్పుడు ముక్తేశ్వరం నుంచి ఈ కబురు వచ్చింది. శ్రీరామచంద్రమూర్తి గారని, గోదావరి గట్టు పక్కన కొబ్బరితోటలున్న ఆసామి. ఇంటి వెనకాల తోటలోకి నేలకి నాలుగడుగుల ఎత్తున పెద్ద చెక్క అరుగు వేయించేరు. డెక్కు అంటారట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఆయన కూతురు యామిని గారు అక్కడ అతిథుల కోసం గెస్ట్ హౌసు నడుపుదామనుకుంటోంది. ఏటా వరదొచ్చి తోటలో వేసిన పూలమొక్కలన్నీ కొట్టుకుపోతున్నాయని, ఈసారి మొక్కలు డెక్కు మీదే ఉండేలా చెక్కతో పొడుగాటి పూలతొట్లు కట్టాలి. కుండీలు కాదు. మనిషి వెల్లకిలా పడుకునేంత పొడుగు, మోకాలు దాటేంత ఎత్తు. ఇది బాగా కుదిరితే గట్టు పొడుగునా ఉన్న గెస్ట్ హౌసులవాళ్ళందరూ అడుగుతారని మూర్తి గారు చెప్పేరట.

ఈ పని నిలబడితే వాడు నా ఇంట్లో ఉంటాడు. నిలబడకపోతే నిజాంపట్నం వెళ్తాడు. నాకు తెలిసింది అంతే. అంతర్వేది నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

వెళ్ళినవాడు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఒకరోజు వాడి గొంతులో నవ్వు దాగట్లేదు.

"అక్కా, యామినమ్మ గారు హైదరాబాద్ నుంచి ఫోన్లో బొమ్మ పంపేరు. తొట్టి అడుగు పలకకి కన్నాలు పెట్టాలంట."

"కన్నాలెందుకురా?"

"నీళ్ళు కిందికి పోడానికంట."

"అడుగు పలకకా?"

"ఆయ్, అడుగు పలకకే."

ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి అది నవ్వులాటే. చిన్నప్పుడు వీడు ఆటకి పడవ అడుగు పలకలో ఒక మేకు దిగ్గొట్టి పీకేడు. మా నాన్న కొట్టలేదు. పలక ముందు నిలబెట్టి దానికి దణ్ణం పెట్టించి, ఆ కన్నాన్ని వాడిచేతే పూడ్పించేరు. అడుగు పలకలో కన్నమంటే మా వాళ్ళ దృష్టిలో అన్నం తిన్న కంచంలో ఉమ్మినట్టు.

"మరి బాబు గారేమంటారు?" అని అడిగేను.

"ఆయనకీ నచ్చలేదక్కా. 'ఇంత ఖరీదు పెట్టి టేకు డెక్కు వేయిస్తే, దాని మీద రోజూ నీళ్ళు కారితే ఎన్నాళ్ళుంటుంది మేస్త్రీ?' అన్నారు. నేనూ అదే అన్నాను. కింద ఒక్క చుక్క పడకుండా కట్టిస్తానని మాటిచ్చేను. 'అమ్మాయికి నేను చెప్పుకుంటాను, మీరు కానివ్వండి' అన్నారు."

"మంచి మాటిచ్చేవురా," అన్నాను.

తొట్లు పూర్తయ్యేక నన్ను రమ్మన్నాడు. నీళ్ళ పరీక్ష చూడ్డానికి. మా వాళ్ళలో అది పెద్ద వేడుక. కొత్త పడవని రేవులో దింపే ముందు గట్టు మీదే ఉంచి లోపల బిందెలతో నీళ్ళు పోస్తారు. రాత్రంతా అలా వదిలేసి పొద్దున్న అడుగున నేల తడిమి చూస్తారు. నేల పొడిగా ఉంటే పడవ నెగ్గినట్టు. యజమాని మేస్త్రీకి కొత్త పంచె పెడతాడు, మేస్త్రీ ఇంటి ఆడది కొబ్బరికాయ కొడుతుంది. వాడి భార్య లేదు కాబట్టి ఆ కాయ కొట్టే పని నాది.

బస్సులో ఒక్కదాన్నీ కూర్చుంటే నాకు చెడ్డ ఆలోచనలొస్తాయి. అందుకని దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదువుకుంటూ వెళ్ళేను. బడికి పోలేదు గానీ, పడవల మీద రంగుతో రాసే పేర్లు చూసి చదవడం పట్టుబడింది.

ఆ తొట్లు చూసేసరికి నా కళ్ళు చెమర్చేయి. పలకకీ పలకకీ మధ్య గోరు దూరదు. సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం నూనె కాచి పూసేడు. ఆ వాసన మా నాన్న వాసన. డెక్కు అంచు పొడుగునా వరసగా, నున్నగా, నల్లగా మెరుస్తూ, రేవులో కట్టేసిన పడవల్లాగే ఉన్నాయి. చిన్నబ్బాయి ఒక్కో తొట్టినీ అరచేత్తో నిమురుతూ చూపించేడు.

నీళ్ళు పోసేరు. తెల్లారేక మూర్తి గారు మోకాళ్ళ నొప్పితో మూలుగుతూనే వంగి, ప్రతి తొట్టి కిందా డెక్కు పలకల మీద చెయ్యి పెట్టి చూసేరు.

"ఆయ్, చుక్క లేదు మేస్త్రీ!" అని అరచెయ్యి అందరికీ చూపించేరు.

వాడి భుజాన కొత్త పంచె వేసేరు. నేను కాయ కొట్టేను. రెండు చెక్కలూ సమంగా పగిలేయి. ఆ నీళ్ళన్నీ చెంబులతో తోడి పారబోసి, గోదావరి లంకమట్టి తొట్లలోకి ఎత్తించేరు. కడియం నర్సరీ నుంచి చామంతి, కనకాంబరం, గులాబీ మొక్కలు దిగేయి. నేనూ ఒక మరువం కొమ్మ గుచ్చి వచ్చేను.

ఆ తర్వాత మా ఇంట్లో పండగ. నిజాంపట్నం వాళ్ళు ఫోన్ చేస్తే, "తీరిక లేదండి, ఇక్కడే పని తగిలింది," అని వాడు గట్టిగా చెప్పడం నేను వంటింట్లోంచి విన్నాను. విని, పొయ్యి మీద పాలు పొంగించేసేను. కొత్త పంచె కట్టుకుని రేవులో దుర్గారావు టీ దుకాణానికి వెళ్ళేవాడు. నట్టింట్లో గచ్చు మీద సుద్దముక్కతో కొత్త రకం తొట్లు గీసేవాడు. మూల మీద ఒంపు తిరిగేవి, మధ్యలో కూర్చునే పీట ఉండేవి. నేను ఆ గీతలు చెరగకుండా పక్కనుంచి ఊడ్చేదాన్ని.

ఆ ఏడు ఆషాఢంలో వానలు మొదలయ్యేయి. పగలూ రాత్రీ తేడా లేకుండా కురిసేయి. గోదావరి ఎర్రబడింది. రేవులో జనాన్ని గోదావరి అవతలికి దాటించే పంటు ఆపేసేరు. వరదొస్తుందేమోనని నేను బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించేను. పూలతొట్ల గురించి నాకు ఆలోచనే రాలేదు. వాడికీ రాలేదు. డెక్కు ఎత్తున ఉంది కదా, మొక్కలు మునగవు కదా.

శ్రావణ శుక్రవారం రోజున గెస్ట్ హౌసు మొదలుపెడుతున్నాం రమ్మని యామిని గారు ఫోన్ చేసి పిలిచింది. ఇద్దరం వెళ్ళేం. వాన తెరిపి ఇచ్చింది. డెక్కు మీద షామియానా వేసేరు. అమలాపురం నుంచి, కొత్తపేట నుంచి చుట్టాలు. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు నానబెట్టిన శనగలు, తాంబూలం అందుకుంటున్నారు. చిన్నబ్బాయి మెట్లెక్కుతూనే తన తొట్ల వైపు చూసేడు. నేనూ చూసేను.

చామంతి ఆకులు పాలిపోయిన పసుపురంగుకి తిరిగి వేలాడుతున్నాయి. గులాబీలు కట్టెలు. కనకాంబరాల మొదళ్ళ దగ్గర మట్టి మీద నీళ్ళు నిలిచి, వాటి మీద దోమపిల్లలు కదులుతున్నాయి. అగరొత్తులు ఎన్ని వెలిగించినా మురుగువాసన దాగట్లేదు. నా మరువం కొమ్మ ఆనవాలు లేదు.

యామిని గారు మా దగ్గరికొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. నెమ్మదైన పిల్ల.

"మేస్త్రీ గారూ, నేను నిన్న రాత్రే వచ్చేనండి. మట్టి ఇలా ఎందుకుందో అర్థం కావట్లేదు," అని తొట్టిలో వేలు గుచ్చింది. వేలు చుట్టూ నీళ్ళు ఊరి గోరు మునిగింది. "అడుగున కన్నాలు పూడుకుపోయేయంటారా? ఎక్కడెక్కడ పెట్టేరు?"

వాడికి అప్పటికీ అర్థం కాలేదు. ఛాతీ కొంచెం ముందుకి పెట్టి, "కన్నాల్లేవండి. చుక్క కారదు," అన్నాడు.

ఆ అమ్మాయి వాడి ముఖంలోకి చూసింది. తండ్రి వైపు చూసింది. కోప్పడితే బాగుండేది. గొంతు తగ్గించి, నలుగురికీ వినపడకుండా చెప్పింది. "పై నుంచి పడ్డ నీళ్ళు బయటికి పోకపోతే వేళ్ళు కుళ్ళిపోతాయండి మేస్త్రీ గారూ. మట్టికీ నీళ్ళకీ కలిపి బరువు కూడా..."

ఆ మాట నోట్లో ఉండగానే డెక్కు కింద దూలం విరిగిన చప్పుడైంది. మెట్ల పక్క తొట్టి ముందుకి ఒరిగి, మెల్లగా, పెద్దమనిషి కూలబడ్డట్టు పక్కకి పడింది. కుళ్ళిన వేళ్ళతో నల్లటి నీళ్ళు డెక్కంతా పారేయి. వాయనాల పళ్ళెంలోకి, శనగల్లోకి, పట్టుచీరల కుచ్చిళ్ళ మీదికి. కేకలు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదే దేవుడి దయ. ఒకావిడ ముక్కు మూసుకుని వాంతి చేసుకోడానికి పరిగెత్తింది. కుర్రకారు ఫోన్లు తీసి వీడియో తీస్తున్నారు.

తొట్టి పడింది గానీ ఒక్క పలక కూడా వదల్లేదు.

"పెట్టె మాత్రం గట్టిదండోయ్," అన్నారెవరో. నవ్వేరు.

చిన్నబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని ఆ బురదని రెండు చేతుల్తో ఎత్తి బక్కెట్లో వేయడం మొదలుపెట్టేడు. వద్దండి, మనుషులున్నారు, అని యామిని గారంటున్నా వినలేదు. నేను చీర చెంగుతో పళ్ళెం తుడవబోయేను. ఎవరో చేతిలోంచి తీసుకున్నారు. బస్సులో మా ఇద్దరి దగ్గరా ఆ వాసన. పక్క సీటావిడ లేచి వేరే చోట కూర్చుంది.

మాకంటే ముందు ఆ వీడియో సఖినేటిపల్లి చేరింది. మర్నాడు వాడు టీకి వెళ్తే నేను పాలకనే వంకతో వెనకాలే వెళ్ళేను.

"రండి, రండి చిన్నబ్బాయి గారూ," అన్నాడు దుర్గారావు గ్లాసు కడుగుతూ. "పంటు ఆగిపోయి జనం ఇబ్బంది పడుతున్నారండి. మీ పూలతొట్లు నాలుగు తెచ్చి రేవులో వెయ్యకూడదూ?"

"చామంతులకి టిక్కెట్టు ఉంటుందాండీ, ఊరికే ఎక్కించుకుంటారా?" అన్నాడు బల్ల మీద కూర్చున్న ఒకాయన.

"మునగవు కదండీ, అది చాలు. మొక్కలు చచ్చిపోయినా మేస్త్రీ గారి చెక్క మునగదు."

చిన్నబ్బాయి కూడా నవ్వేడు. టీ సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసేడు. ఆ తర్వాత టీకి వెళ్ళలేదు. పగలు గుమ్మం దాటేవాడు కాదు. గచ్చు మీది సుద్దగీతలు వాడే తడిగుడ్డతో తుడిచేసేడు.

ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కలపకుండా, "అక్కా, బుద్ధి తెలిసిన దగ్గర్నించీ నీళ్ళు లోపలికి రాకుండా కట్టడమే నేర్చుకున్నాను," అన్నాడు. "లోపలున్న నీళ్ళు బయటికి పోవాలన్న మాట నాకు తట్టనే లేదు. ఆ అమ్మాయి బొమ్మ వేసి మరీ చెప్పింది. నవ్వేను."

"నేనూ నవ్వేను కదరా."

"నువ్వు మేస్త్రీవి కాదు కదా."

ఆ వారంలోనే, వాడు పెరట్లో నిలబడి నిజాంపట్నం వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "ఆయ్... వస్తానండి. వరద తీసేక, పంటు నడిచేక చూద్దాం."

ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే రాజోలు డాక్టరు దగ్గరికి మోకాలు చూపించుకుంటానని చెప్పి ముక్తేశ్వరం బస్సెక్కేను.

మూర్తి గారు వీధరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. యామిని గారు లోపల్నించి వచ్చింది. నన్ను చూసి ఇద్దరూ కంగారుపడ్డారు. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"మావాడికి ఇంకొక్కసారి ఇవ్వండి బాబు గారూ. కూలి వద్దండి. ఎన్ని కన్నాలు పెట్టమంటే అన్ని పెడతాడు."

"అది కాదమ్మా, రావులపాలెం మేస్త్రీలకి చెప్పేసేం..."

నేను వంగేను. నా చెయ్యి ఆయన పాదాల దాకా పోలేదు. ఆయన కాళ్ళు పైకి లాక్కున్నారు, పడక్కుర్చీ కిర్రుమంది. వీధిలో కొబ్బరికాయల బండి తోలుకుపోతున్న మనిషి ఆగి చూసేడు.

"అయ్యయ్యో, పెద్దావిడ, ఇదేంటండీ మామ్మ గారూ!" అని యామిని గారు నా భుజాలు పట్టుకుని లేపింది. "ఆయన తప్పు ఒక్కటే కాదు కదండీ. నాన్న గారు కూడా నా మాట వినలేదు. సరే, మేస్త్రీ గారినే రమ్మనండి."

"మీరే పిలవండమ్మా. నేను వచ్చినట్టు మాత్రం చెప్పకండి," అన్నాను.

పిలిచేరు. ఫోన్ పెట్టేసిన తర్వాత వాడు కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత, "అక్కా, నన్నే రమ్మంటున్నారు. నేను కట్టినవి నేనే బాగుచెయ్యాలంట," అన్నాడు. వాడి ముఖంలో మళ్ళీ రక్తం కనపడింది. అప్పుడే చెప్పేస్తే పోయేది. చెప్పలేదు.

ఈసారి వాడు వినడానికి వెళ్ళేడు. యామిని గారు సెలవు పెట్టి దగ్గరుండి చెప్పిందట. వాడు ఫోన్లో రోజూ నాకు అప్పజెప్పేవాడు, బడిపిల్లాడు పాఠం చెప్పినట్టు. విరిగిన దూలం మార్చి, తొట్ల బరువు పడేచోట కింద ఇంకో వరస స్తంభాలు నిలబెట్టేరు. తొట్టి డెక్కుని తాకకూడదు, కింద గాలి ఆడాలి, అందుకని ప్రతి తొట్టికీ పొట్టి కాళ్ళు. అడుగు పలక ఒక వైపుకి కొంచెం వాలుగా ఉండాలి. ఆ వాలులో జానెడుకొక కన్నం. కన్నం మీద పెంకుముక్క బోర్లించాలి, మట్టి కూరుకుపోకుండా. దాని మీద గులకరాళ్ళు, రాళ్ళ మీద దోమతెర గుడ్డ, ఆ పైన మట్టి. అదీ వట్టి లంకమట్టి కాదు, అది తడిస్తే ముద్దకట్టేస్తుంది. ఇసక, కొబ్బరిపొట్టు, మాగిన పెంట కలిపిన మట్టి. కన్నాల్లోంచి కారిన నీళ్ళు డెక్కు మీద పడకుండా, కింద సగానికి చీల్చిన ప్లాస్టిక్ గొట్టం. ఆ గొట్టం చివర తోటలో అరటిబోదెల దగ్గరికి.

"చూసేవా అక్కా, బాబు గారి మాటా నెగ్గింది, అమ్మాయి గారి మాటా నెగ్గింది," అన్నాడు. "డెక్కు తడవదు, మొక్కలు కుళ్ళవు."

ఆఖరి రోజుకి నన్ను రమ్మన్నాడు. నేను వెళ్ళేసరికి చివరి తొట్టి బోర్లించి ఉంది. వాడు దాని పక్కన కూర్చుని ఉన్నాడు, బరమా చేతిలో ఉంది. మిగతా వాటికి ఎలా పెట్టేడో నేను చూడలేదు. దీనికి మాత్రం పలకని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు బరమా తిప్పేడు. సన్నటి చెక్కపొట్టు సుడి తిరిగి వాడి కాళ్ళ మీద పడింది. నేను చూపు తిప్పుకున్నాను.

మట్టీ మొక్కలూ వేసేక నీళ్ళు పోసేరు. అందరం గొట్టం చివర నిలబడ్డాం. కొంతసేపు ఏమీ రాలేదు. వాడు పెదవి కొరుక్కుంటున్నాడు. తర్వాత ఒక చుక్క, ఇంకో చుక్క, సన్నటి ధార అరటిబోదె మొదట్లో పడింది.

"కారుతోందండీ!" అని యామిని గారు చప్పట్లు కొట్టింది. వాడు నవ్వేడు. ఆ నవ్వు నేను చాన్నాళ్ళకి చూసేను. మురమళ్ళలో తన స్నేహితురాలి గెస్ట్ హౌసుకి కూడా ఇలాంటివే కావాలందని, వచ్చే నెలలో మొదలుపెట్టొచ్చని ఆ అమ్మాయి చెప్పింది. నాకు ఆకాశంలో నడుస్తున్నట్టుంది. వాడు ఉంటాడు. ఇంక వాడు ఉంటాడు.

మూర్తి గారు వాడి భుజం తట్టేరు. మంచి మనసుతోనే, సంతోషంలోనే అన్నారు. "ఇదంతా మీ అక్కగారి పుణ్యం మేస్త్రీ. ఆరోజు ఆవిడొచ్చి నా కాళ్ళ మీద పడబోయేరు. లేకపోతే రావులపాలెం వాళ్ళకి ఇచ్చేద్దుం."

"నాన్నా," అంది యామిని గారు.

చిన్నబ్బాయి నా వైపు చూసేడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఆయ్," అన్నాడు. బరమాకి అంటిన పొట్టు గుడ్డతో తుడుచుకుని, అందరికీ దణ్ణం పెట్టేడు. కూలి ఇస్తే తీసుకున్నాడు.

బస్సులో ఆడవాళ్ళ సీట్లలో నేను, వెనకాల ఎక్కడో వాడు. రాజోల్లో దిగినప్పుడు నా చెయ్యి పట్టుకుని దించేడు. ఇంటికొచ్చి దీపం పెట్టేక అడిగేడు.

"ఎప్పుడెళ్ళేవు?"

"మోకాలు చూపించుకుంటానన్న రోజు."

"కాళ్ళు పట్టుకున్నావా?"

"పట్టుకోలేదురా. వంగేనంతే."

"ఎవరైనా చూసేరా?"

బండి మనిషి గుర్తొచ్చేడు. "లేదు," అన్నాను. ఈసారి అబద్ధం నా నోట అతకలేదు. వాడు తల దించుకున్నాడు.

"నువ్వు ఇంట్లో ఉంటావని వెళ్ళేనురా నాన్నా."

"తప్పు చేసేను. దుర్గారావు అన్నాడు, పడ్డాను. అది నాదే," అన్నాడు మెల్లగా. "మళ్ళీ పిలిచేరంటే, నా చేతిలో పనుందని పిలిచేరనుకున్నాను. మొదటి కన్నం పెట్టిన రోజున ఎలా పెట్టేనో నీకు తెలీదు. పెట్టగలిగేను, నేర్చుకోగలిగేను అని పొంగిపోయేను. ఇదంతా చూసి ఆయన లోపల ఏమనుకుంటూ ఉన్నాడో ఇప్పుడు తెలిసింది."

"ఆయన అలాంటివాడు కాదురా."

"కాదు. మంచాయన. అందుకే జాలిపడ్డాడు." దీపం వత్తి ఎగదోసేడు. "డెబ్భై ఏళ్ళు దాటిన మనిషివి, నా కోసం వంగేవు. ఇంక ఆ గట్టు మీద ఏ ఇంట్లో తొట్టి కట్టినా నాకు నువ్వు వంగడమే కనపడుతుందక్కా."

నేను ఏడ్చేను. వాడు నా కంచంలో అన్నం పెట్టి, పెరుగు పోసి, నా ముందు కూర్చున్నాడు. నేను తినేదాకా లేవలేదు.

మురమళ్ళ పని గురించి యామిని గారు రెండుసార్లు ఫోన్ చేసింది. వాడు ఆ అమ్మాయికి కొలతలన్నీ విడమర్చి చెప్పేడు. వాలు ఎంత ఉండాలో, కన్నం ఎంత ఉండాలో, కాళ్ళకి ఏ చెక్క వాడాలో. రాజోలులో చేతిపని తెలిసిన ఇంకో మేస్త్రీ పేరు చెప్పి, ఆయన్ని పిలిపించుకోమన్నాడు. అక్కడ కట్టేరట. బాగున్నాయట. ముక్తేశ్వరంలో కార్తీకానికి చామంతులు విరగబూసేయని ఆ అమ్మాయి నా ఫోన్‌కి బొమ్మలు పంపింది. పసుపు, తెలుపు. ఆ తొట్లని గుర్తుపట్టేను. పూలని ఎక్కువసేపు చూడలేకపోయేను.

ఆ పూలకి ముందే, దసరా రోజుల్లో, వరద తీసింది. పంటు నడిచింది. వాడు పొద్దున్నే స్నానం చేసి, నాన్న ఫొటోకి దణ్ణం పెట్టి బయల్దేరేడు. రేవు దాకా వస్తానంటే వద్దన్నాడు. అయినా వెళ్ళేను. దుర్గారావు దుకాణం ముందునుంచే నడిచేం. దుర్గారావు లేచి నిలబడి, "ఊరికే అన్న మాటలండి చిన్నబ్బాయి గారూ, మనసులో పెట్టుకోకండి," అన్నాడు. "మీ మాటల వల్ల కాదండి దుర్గారావు గారూ," అన్నాడు వాడు.

అవతల నర్సాపురంలో రైలెక్కి, అది దిగేక బస్సులో నిజాంపట్నం వెళ్ళేడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. యార్డు వాళ్ళు గది ఇచ్చేరట, అన్నం వండుకుంటాడట, జ్వరం రాలేదట. ఎప్పుడొస్తావురా అంటే ఈ బోటు అయ్యేక అంటాడు. ఆ బోటు సముద్రంలోకి వెళ్ళిపోయిందని తర్వాత తెలుస్తుంది. ఇంకో బోటు మొదలైందంటాడు. గొంతులో కోపం ఉండదు. కోపం ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

మా తమ్ముడు చిన్నబ్బాయి రెండు వేల ఇరవై నాలుగు అక్టోబరులో, దసరా ముందు ఆదివారం, సఖినేటిపల్లి రేవు దాటి వెళ్ళేడు. తిరిగి రాలేదు.